రొద లేని పొద్దు

"అచ్చు గుద్దినట్టు ఎనిమిది కిలోమీటర్లు! నీ అంచనా నిజమైందమ్మా," అంటూ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు డైరెక్టరు.

నీళ్ళలో వేలాడే ఆ మైకులు తాము ఏ చప్పుడూ చెయ్యవు, ఊరికే వింటాయి. పొగమంచులో వచ్చే ఓడను అవి ఎంత దూరం నుంచి పసిగడతాయో లెక్కగట్టడం ఆమె పని. ఇదివరకు పరీక్షించిన రెండుసార్లూ తీరంలోని చేపల పడవల రొదలో ఓడ చప్పుడు కలిసిపోయి, లెక్క తప్పి, అందరి ముందూ తల కొట్టేసినంత పనైంది. మళ్ళీ తప్పితే ఈ పనే మూలపడేది.

"ఇక ఆలస్యమెందుకు? ఓడ వినపడగానే రేవులో సైరన్ మోగేలా ఇవాళే కలిపేద్దాం. ఏమంటావు?"

"సరేనండీ," అంది ఆమె, అతని ముఖంలోకి చూడకుండా.

వరండాలోకి వచ్చేసరికి పడవల రేవు నుంచి అన్న ఫోను.

"ఏమ్మా, గట్టెక్కావా?"

"ఎక్కాను అన్నయ్యా."

"మరి ఊరికేనా! నువ్వు అడిగావని అందరి కాళ్ళూ గడ్డాలూ పట్టుకున్నాను. పొద్దున్నుంచి ఒక్క పడవ ఇంజనూ తిప్పనివ్వలేదు."

ఆమె గోడకు ఆనుకుంది. "అన్నయ్యా, ఆ లెక్క..."

"లెక్కలు నాకెందుకే? ఓడొస్తే సైరన్ మోగుతుందన్నావు, మావాళ్ళకి అదే చెప్పాను. మంచు కమ్ముకొస్తోంది. మామూలుగా అయితే ఎవరూ కదలరు. ఇవాళ నిన్ను చూసుకునే అందరం బయల్దేరుతున్నాం."

"వద్దు! వెళ్ళొద్దు అన్నయ్యా!"

అవతల ఇంజన్లు ఒక్కొక్కటే అందుకున్నాయి.

"ఏంటీ? గట్టిగా చెప్పు. ఈ రొదలో ఏం వినపడట్లేదు!"