చేతి మేత

గొర్రె చచ్చిపోయింది. దాని పొట్ట దగ్గర పిల్ల ఇంకా పొదుగు వెతుక్కుంటోంది.

యాభై ఎనిమిది నాటి ముసురులో, కోడూరు దాటాక కాలవగట్టు మీద, భాగ్యమ్మ ఇంటి ముందు జరిగింది ఇది. ఊళ్ళమ్మట గొర్రెల్ని కొని బందరు తోలుకెళ్ళి, తన కబేళాలో కోసి అమ్మే నూకరాజు మందలోది ఆ గొర్రె. అతను పిల్లను ఎత్తి కాసేపు దాని కళ్ళలోకి చూశాడు. పొట్టేలు పిల్ల.

"చెల్లెమ్మా, దీన్ని సాకిపెడతావా? ఏడాదికొచ్చి తీసుకెళ్తాను."

భాగ్యమ్మకు పిల్లల్లేరు. భర్త పోయి మూడేళ్ళు. చేతులు చాపింది.

"మందలో కలపొద్దు. మేతంతా చేత్తోనే పెట్టు. అదిగో, ఆ చీకటి కొట్లోకి పిలిచి పెట్టు. నేల తడిగా ఉన్నా సరే, అడుగు వెనక్కెయ్యకూడదు. మనిషిని నమ్మాలి."

భాగ్యమ్మ పిల్లను కొంగులో చుట్టుకుంది.

సీసా మూతికి గుడ్డ చుట్టి మేకపాలు పట్టింది. మొదటి వారం పాలన్నీ ముక్కులోంచి వచ్చేసేవి. ఒళ్ళో పెట్టుకుని, వేలు చీకించి అలవాటు చేసింది. నెల తిరిగేసరికి తోకాడిస్తూ సీసాను కుమ్మేది. చిన్నోడని పేరు పెట్టింది. "ద్దా ద్దా" అంటే చాలు, చీకటి కొట్లోకైనా దూకేవాడు.

పక్కింటి నాంచారమ్మ నవ్వేది. "ఊయల కూడా కట్టకపోయావటే! కసాయోడి జీవం మీద అంత మమకారమేంటే?"

ఆ మాట భాగ్యమ్మకు ముల్లులా దిగింది.

నూకరాజు నెలనెలా వచ్చేవాడు. వీపు తడిమి కండ చూసేవాడు కాదు. దూరంగా నిలబడి, చిన్నోడు కొట్లోకి వెళ్ళడమూ రావడమూ చూసేవాడు. తలూపి వెళ్ళిపోయేవాడు.

ఏడాదికి తాడు పట్టుకుని వచ్చాడు.

భాగ్యమ్మ గుమ్మానికి అడ్డంగా కూచుంది. "అన్నయ్యా, వాణ్ణి కొయ్యనని ఒట్టెయ్యి. లేదంటే నన్ను తొక్కి తోలుకెళ్ళు."

నూకరాజు క్షణం కూడా ఆలోచించలేదు. "నా బిడ్డల మీద ఒట్టు. ముసలిదై చచ్చేదాకా దీని మీద కత్తి పడదు."

తాడు వెయ్యకుండానే పిలిచాడు. చిన్నోడు వెంట నడిచాడు.

భాగ్యమ్మకు అన్నం సహించలేదు. అంత తేలిగ్గా వేసిన ఒట్టు నిలుస్తుందా? మూడు నెలలు ఓర్చుకుంది. ఒకనాడు తెల్లారే లేచి, రేవు దాటి, బస్సెక్కి బందరు వెళ్ళింది. దారి అడుగుతూ అడుగుతూ కబేళా పట్టుకుంది.

గేటు దగ్గరే చిన్నోడు! కొమ్ములు వంపు తిరిగాయి. ఒళ్ళు నిగనిగలాడుతోంది. పరుగెత్తుకొచ్చి ఆమె పొట్టలో తల దూర్చాడు. భాగ్యమ్మ వాడి మెడ కావలించుకుని ఏడ్చేసింది.

"చూశావా చెల్లెమ్మా? ఇక్కడ నాకన్నా దీనికే మర్యాద ఎక్కువ," అన్నాడు నూకరాజు.

"నీ పిల్లలు చల్లగా ఉండాలన్నయ్యా."

అప్పుడే అవనిగడ్డ నుంచి నలభై గొర్రెల మంద వచ్చింది. కోసే కొట్టు లోపల చీకటి. తడి నేల. అదో రకం వాసన. గుమ్మం ముందు అన్నీ బిగుసుకుపోయాయి. కర్ర విరిగేట్టు కొట్టినా ఒక్కటీ అడుగెయ్యలేదు.

"ద్దా ద్దా," అన్నాడు నూకరాజు, అచ్చం భాగ్యమ్మలాగే.

చిన్నోడు ఆమె చేతులు విడిపించుకుని లోపలికి నడిచాడు. మంద మొత్తం తలలు వంచుకుని వాడి వెనకే వెళ్ళింది. తలుపు వేశారు.

కాసేపటికి పక్క గుమ్మం తెరుచుకుంది. చిన్నోడొక్కడే మేత నములుతూ బయటికొచ్చాడు.