నోటి ఉపవాసం

"నీ చేతులిరగ! ఆటో తోలుతాండావా, మా నడుములు దంచుతాండావా?"

గుంతలో పడి లేచిన ఆటోలోంచి అవ్వ గొంతు ఖంగుమంది.

డ్రైవర్ వీరేష్ నవ్వాడు. "గుంత తవ్వింది నేనా అవ్వా?"

"తవ్వినోని పాడె గట్ట! దాంట్లోకి దింపినోని మొగం మండ!"

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే షేరు ఆటో అది. పది మంది ఉన్నారు. తొమ్మిది మంది నవ్వారు.

రాణి నవ్వలేదు. ఒళ్ళోని టైలరు సంచిని గట్టిగా పట్టుకుని పెదవులు బిగించుకుంది.

సంచిలో తెల్ల డ్రస్సు ఉంది. రేపు ఆదివారం ఆమెకు బాప్తిస్మం.

వాళ్ళ ఊరి చర్చిలో ఒక కట్టుబాటు ఉంది. బాప్తిస్మానికి ముందు మూడు వారాలు నోటి ఉపవాసం. అన్నం తినొచ్చు. తిట్టు మాత్రం నోట రాకూడదు, తిట్లు వినబడే చోట కూర్చోకూడదు. తప్పితే కాలువలో మునిగేది మళ్ళీ ఏడాదికే.

పోయినేడు పందొమ్మిదో రోజున తమ్ముణ్ణి "గాడిదా" అని, రాణి ఏడాది పోగొట్టుకుంది.

ఈసారి మేక వచ్చి రికార్డు బుక్కులో రెండు పేజీలు నమిలేసినా "స్తోత్రం" అనే అంది. ఇరవై రోజులు గడిచాయి. ఇంక ఒక్క రోజు.

అంతలో అవ్వ ఇటు తిరిగింది.

"ఏమే పాపా, మూతి అట్ల బిగబట్టినావు? పన్ను నొప్పా?" వేయించిన వేరుశెనగల పొట్లం విప్పింది. "ఇంద, బుడ్డలు తిను."

"వద్దవ్వా."

"తీసుకోవే, నీ కడుపు మాడ!"

రాణి చెవులు వేడెక్కాయి. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే ఆమెకు చచ్చేంత భయం. అయినా ధైర్యం చేసింది.

"అవ్వా, అట్ల తిట్టగూడదు."

"నేను తిట్టినానా? ఎవర్ని?"

అవ్వ నిజంగానే ఆశ్చర్యపోయింది.

"ఆదోనిలో ఎక్కినప్పటి నుంచి నన్ను తిట్టినవి లెక్కే లేవు," అన్నాడు వీరేష్.

"నిన్ను తిట్టకుంటే నీకు నిద్ర వస్తాదిలే."

"తిట్టేది పాపం అవ్వా," అంది రాణి. "దీవించే నోటితోనే శపిస్తే దేవుడు మెచ్చడు."

అవ్వ నాలుగు బుడ్డలు నోట్లో వేసుకుంది.

"మనసులో ఏమీ లేకున్నా పాపమేనా?"

పాస్టరమ్మ ఆ సంగతి చెప్పలేదు.

"పాపమే," అంది చివరికి.

"ఎవరి బిడ్డవే నువ్వు, ఇన్ని నేర్చినావు?"

"పౌలు కూతుర్ని. రేపు నాకు బాప్తిస్మం."

నములుతున్న అవ్వ నోరు ఆగిపోయింది. రాణిని నొసటి నుంచి గడ్డం దాకా చూసింది. గరుకు చేతులతో ఆమె చెంపలు రెండూ పట్టుకుంది.

"నీ జిమ్మడ!" అంది.

రాణి విదిలించుకుంది.

"ఆపవ్వా! నీ మాటలు వింటాంటే నా ఉపవాసం పోతాది. పోయినేడు గూడా ఒక్క తిట్టుకే పోయింది."

అవ్వ చేతులు తీసేసింది.

"ఎంతసేపే, ఈ ఉపవాసం?"

"రేపు నీళ్ళల్లో మునిగేదాకా."

"రేపటి దాకా నా నోరు యాడ ఊరుకుంటాదే తల్లీ!"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు మైళ్ళు పోయాక వీరేష్ భుజం తట్టింది.

"ఆపప్పా. దిగుతా."

"ఈడ ఏముందవ్వా? నువ్వు చెప్పిన ఊరు ఇంకా ముందుండాది."

"ఆపురా, నీ..." అవ్వ రాణి వైపు చూసి మిగతా మాట మింగేసింది. "ఆపు, నాయనా."

దిగి, కొంగు నెత్తిన కప్పుకుంది.

"రేపు బాగా మునుగు," అంది రాణితో.

రోడ్డు దాటి, ఆదోని వైపు పోయే ఆటో కోసం ఎండలో నిలబడింది.

రాణి హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఇంటికి పోయేసరికి అమ్మ కొత్త చాప దులుపుతోంది. పొయ్యి మీద కోడి కూర ఘుమఘుమలాడుతోంది.

"అమ్మా, ఈ పొద్దు ఆటోలో ఒకామె నోరు మూయించినాను."

"నువ్వా? పిల్లిని గూడా హుష్ అనవు గదే!" అమ్మ పకపకా నవ్వింది.

"నిజం. ఒగటే తిట్లు. పాపమని చెప్పినాను. నా ఉపవాసం పోతాదన్నాను. పాపం, దారి మధ్యలోనే దిగి వెనక్కి పోయింది."

అమ్మ నవ్వు ఆగింది.

"ఎట్లుండాది ఆమె?"

"ముసలామె. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు."

అమ్మ చాప మీదే కూలబడింది.

"ఆమె ఆలూరు హులిగెమ్మవ్వ. నీ బాప్తిస్మం చూసి పొమ్మని మీ నాయన పిలిపించినాడు. ఈ చాప ఆమె కోసమే."

"ఎవరమ్మా ఆమె? మనకేమైతాది?"

"నువ్వు ఆలూరులో మీ జేజమ్మ ఇంట్లో పుట్టినావు గదా. వానకు ఆస్పత్రికి పోయేదానికి లేకపాయ. పుట్టినావు గానీ ఏడవలేదు. ఒళ్ళంతా నీలం. ఇంక లేదనుకున్నాము."

"అందరూ మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తే బతికినానని చర్చిలో సాక్ష్యం చెప్తావు గదా!"

"చర్చిలో నిలబడి మిగతాది ఎట్ల చెప్పేది రాణీ?"

అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"మేమంతా కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తాంటే, పక్కింటి హులిగెమ్మవ్వ ఉరికొచ్చి, నిన్ను కాళ్ళు పట్టుకొని తలకిందులుగా ఎత్తి, వీపు మీద చరుస్తా, 'ఏడువే దొంగముండా, ఏడువే' అని నువ్వు కెవ్వుమనేదాకా తిట్టింది."