ముగ్గురిలో ఇద్దరు

“కెరూబో, ఇది మనిషా?” సూపర్‌వైజరు ముటీసో ఆమె భుజం మీదుగా వంగి తెర మీద వేలు పెట్టాడు.

ఆ వేలే కెరూబోకు రెండుగా కనిపించింది. దాని కింద నిలువుగా ఏదో నల్లటి చార వణుకుతోంది.

“మనిషే సార్.”

“కరెంటు స్తంభం! మిగతా ఇద్దరూ వస్తువనే నొక్కారు. సాయంత్రం నాలుగింటికి బల్లకొకరిని ఇంటికి పంపమని పైనుంచి ఆర్డరొచ్చింది. ఈ బల్లలో నీ మార్కులే అడుగున ఉన్నాయి. తర్వాత ముందే చెప్పలేదనకు.”

నైరోబీలోని ఆ హాల్లో బల్లకు ముగ్గురు. డ్రైవరు లేకుండా నడిచే కార్లకు నేర్పడానికి ఎక్కడెక్కడివో వీధుల ఫొటోలు వస్తాయి. ఒకే ఫొటో ముగ్గురి ముందుకూ వస్తుంది. అందులో ఉన్నది మనిషా, జంతువా, వస్తువా చూసి నొక్కాలి. ఇద్దరు ఏది నొక్కితే అదే నిజం. మూడోవాళ్ళకు తప్పు పడుతుంది.

కెరూబో కళ్ళు నలుపుకుంది. ఇసుక పోసినట్టు గరగరలాడాయి.

“అట్లా నలపకక్కా,” అంది కిటికీ పక్క కూర్చున్న కుర్రపిల్ల. ఆమె పేరు జెరూతో. “తెరను చేయి చాపినంత దూరం జరుపు. ఆ వెలుగు కాస్త తగ్గించు. ఇరవై నిమిషాలకోసారి ఎన్గోంగ్ కొండలకేసి చూసి ఇరవై లెక్కపెట్టుకో. అసలు నువ్వు రెప్ప వేయడమే మర్చిపోయావు.”

మధ్య కుర్చీలోని నెకేసా కిసుక్కున నవ్వింది. “దీని పెళ్ళికొడుకు ఆ కొండల మీద మేకలు కాస్తున్నాడు. అందుకే గంటకు మూడుసార్లు చూసుకుంటుంది.”

“చూడనీ. నా కళ్ళు నాకుంటే పెళ్ళికొడుకు తర్వాతైనా దొరుకుతాడు.”

కెరూబో కొండల వైపు తల తిప్పింది. పచ్చగా ఏదో చల్లగా తగిలినట్టయింది. ఐదు లెక్కపెట్టిందో లేదో, వెనకనుంచి ముటీసో గొంతు లేచింది.

“బొమ్మలు కొండ మీద లేవమ్మా, నీ ముందున్నాయి!”

జెరూతో రోజూ ఆ తిట్లు తింటూనే కిటికీలోంచి చూస్తుంది. కెరూబోకు ఆ ధైర్యం లేదు. ఈ పని పోతే పిల్లలిద్దరినీ తీసుకెళ్ళి దూరాన కిసీ ఊళ్ళో అమ్మ దగ్గర వదిలిరావడమే. చిన్నదానికి ఇంకా మూడేళ్ళు నిండలేదు.

టీ సమయానికి ఆమె మొహం మీద నీళ్ళు కొట్టుకుంది, తడి చేతిరుమాలు కళ్ళకు అదుముకుంది. చుక్కల మందు సీసా తలకిందులు చేసి దులిపింది. ఒక్క చుక్క రాలలేదు. రుమాలు తీస్తే ఎదురుగా వస్తున్నది నెకేసా అని నడకను బట్టే తెలిసింది గాని మొహాన్ని బట్టి కాదు.

చూపు తగ్గిందని ఆ హాల్లో ఎవరూ నోరు జారరు. కెరూబో కూడా జారలేదు.

“నెకేసా, నొక్కే ముందు మనిద్దరం ఒక మాట మీదుందామా?”

“ఎట్లా? నోరు విప్పితే వాడు చంపుతాడు.”

“కాళ్ళున్నాయిగా. ఒకసారి తగిలిస్తే మనిషి, రెండైతే జంతువు, మూడైతే వస్తువు. ముందు నువ్వు చెప్పు. నాకూ అట్లాగే కనిపిస్తే తిరిగి తగిలిస్తా.”

నెకేసా బతిమాలించుకుంటుందనుకుంది కెరూబో. కానీ నెకేసా నోట్లో మందాజీ బూరె ముక్క నములుతూనే “సరే” అనేసింది.

మధ్యాహ్నమంతా బల్ల కింద చెప్పులు మాట్లాడుకున్నాయి. రెండు. కెరూబో తిరిగి తగిలించింది. మూడు. తిరిగి తగిలించింది. తెర మీద ఏముందో చూడాలన్న ప్రయత్నం కూడా మానేసింది. మూల ఉన్న మార్కుల గీత ఆకుపచ్చగా పైకి పాకుతోంది. ఆ రంగొక్కటే ఆమెకు తెలుస్తోంది.

మూడు దాటాక రోడ్డంచున ముడుచుకున్నదేదో నల్లగా వచ్చింది. గోనెసంచా? కూర్చున్న మనిషా? కెరూబో ముక్కు తెరకు తగిలేంత ముందుకు వంగింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. పక్కనుంచి మూడు తాకిళ్ళు. ఆమె కాలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత అదీ తగిలింది.

నాలుగింటికి ముటీసో కాగితంతో వచ్చాడు. కెరూబో బల్ల అంచు పట్టుకుంది.

“జెరూతో.”

“నేనా?” జెరూతో లేచి నిలబడింది. “పొద్దున నా మార్కులే పైనున్నాయి కదా సార్!”

“మధ్యాహ్నం నుంచి నలభై తప్పులు. ఇదిగో, నీ తెర మీది ఈ బొమ్మ, దీన్ని మనిషన్నావు. వాళ్ళిద్దరూ వస్తువన్నారు.”

“మనిషే సార్. ముసలాయన, మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. పెద్దది చేసి చూడండి, చెవి కూడా కనిపిస్తోంది.”

“నేను చూడటమేంటి? ముగ్గురిలో ఇద్దరి మాటే మాట. వెళ్ళి కళ్ళు చూపించుకో, పిల్లా. చిన్న వయసులోనే పాడు చేసుకున్నావు.”

జెరూతో ఇద్దరి వంకా చూసింది. ఎవరూ తలెత్తలేదు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

తలుపు మూసుకున్నాక కెరూబో నెకేసా చేయి పట్టుకుంది.

“తప్పే చేశాం. కానీ నా పిల్లలు నా దగ్గరుంటారు, అది నీ చలవే. ఇప్పుడు చెబుతున్నా, ఎవరితోనూ అనకు. పొద్దుటి నుంచి నాకొక్క బొమ్మ కనబడలేదు. నీ కళ్ళతోనే గట్టెక్కాను.”

నెకేసా చేయి లాక్కుంది.

“అదేంటే! నాకు చూపు ఆనక రెండు నెలలైంది, తోచింది తోచినట్టు తగిలించా. ప్రతిదానికీ నువ్వు ఔనంటుంటే, నీకు కనిపిస్తోందనుకున్నానే!”