మళ్లీ తీద్దాం

“కంపెనీ మూసేస్తున్నాను. నా గుండె పగిలిపోతోంది,” అంటూ ఆగిపోయిన కుట్టుమిషన్ల మధ్య ఎండీ కెమెరా ముందే భోరుమన్నాడు.

సూపర్‌వైజరమ్మ పరుగున మంచినీళ్లు తెచ్చిచ్చింది. “ఊరుకోండి సార్, మేం ఎలాగోలా బతుకుతాం.”

“సొంత డబ్బా కొట్టుకుంటూ కంపెనీని ముంచింది ఆయనేగా అక్కా,” గొణిగాడు కటింగ్ మాస్టరు.

“ఊరుకో తమ్ముడూ. మనకోసమే ఏడుస్తున్నాడు, పాపం.”

ఎండీ కళ్లు తుడుచుకుని కెమెరామన్ వైపు తిరిగాడు. “నా ఏడుపు బాగా వచ్చిందా?”

“నీళ్ల గ్లాసు మీ మొహానికి అడ్డొచ్చింది సార్.”

“అయితే మళ్లీ తీద్దాం. అమ్మా, నువ్వు పక్కనుంచి రా. కాస్త ఏడుస్తూ ఇవ్వు.”

ఈసారి గ్లాసు అందిస్తుంటే ఆవిడకు నిజంగానే ఏడుపు తన్నుకొచ్చింది. గ్లాసు తొణికి నీళ్లు ఒలికాయి.

“అదీ ఏడుపంటే!” అన్నాడు ఎండీ, కెమెరా మీంచి చూపు తిప్పకుండానే.