ఐదో గొట్టం

"చెడిపోయిందని రాసెయ్యమ్మా. ఒక్క మాట," అన్నాడు చీఫ్.

మీటరమ్మ తలెత్తలేదు. బల్ల మీద వేలెడంత ఉక్కు గొట్టం. విమానం ముక్కు పక్కన బయటికి పొడుచుకుని ఉండి, పైన గాలి ఎంత చల్లగా ఉందో పైలట్‌కి చెప్పే గొట్టం. దాని మరల్లో తెల్లటి పొర గట్టిపడి ఉంటే పాత టూత్‌బ్రష్‌తో గీకింది. మంచినీళ్లతో మూడుసార్లు కడిగింది. మంచుముక్కల గిన్నెలో ముంచితే మీటరు సున్నా చూపింది. మరిగే నీళ్లలో ముంచితే నూరు చూపింది.

"బాగుంది సార్. బంగారంలా ఉంది."

పదహారేళ్లుగా ఆ షెడ్డులో ఆమె పని ఇదే. చీఫ్ ఆమెను అమ్మా అని పిలవడం ఇవాళే మొదలు. నిన్నమొన్నటిదాకా "ఏమోయ్ మీటరూ" అనేవాడు. ఇవాళ కుర్చీ కూడా తెప్పించి వేశాడు. కిటికీ దగ్గర పై ఆఫీసునుంచి వచ్చిన ఇద్దరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గేటు బయట జనం పొద్దుటినుంచీ పడిగాపులు కాస్తున్నారు. కొందరు నేలమీదే చతికిలబడ్డారు.

"ఆ జనాన్ని చూశావుగా. వాళ్లకి ఏదో ఒకటి చెప్పాలి. గొట్టం చెడిందనుకో, తప్పు దాన్ని తయారుచేసినవాడిది. మనకి అంటదు."

"ముందటి నాలుగూ చెడిపోయాయనే నా బల్ల మీదికి పంపారు. నాలుగూ బాగున్నాయనే రాశాను."

రెండు నెలల్లో నాలుగు గొట్టాలు, అన్నీ ఏడో నంబరు విమానానివే. ప్రతిసారీ కెప్టెన్ ఒకే ఫిర్యాదు రాసేవాడు. బయట సున్నాకి నలభై డిగ్రీల కింద ఉండాల్సిన చోట ముల్లు సున్నా దగ్గరే ఆగిపోయిందనీ, రాడార్‌లో ఏమీ లేకపోయినా అద్దం మీద వాన చప్పుడు వినిపించిందనీ. చీఫ్ గొట్టం మార్చమనేవాడు. మీటరమ్మ సొంత తమ్ముడు, అదే షెడ్డులో మెకానిక్, మార్చేవాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. జ్వరం ఉందని చెప్పిన పాపానికి థర్మామీటరు పారేసి, రోగి భేషుగ్గా ఉన్నాడని ఇంటికి పంపే వైద్యం.

అంత చలిలో వానేమిటని షెడ్డంతా నవ్వింది. ఆయన చెవులు కూడా విప్పి పంపిస్తే మార్చేద్దాం అన్నాడు చీఫ్. మొదటిసారి మీటరమ్మ కూడా నవ్వింది. తర్వాత ఒకరోజు ఆ కెప్టెనే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"నా చెవుల సంగతి సరే. మీ గొట్టం అబద్ధం చెబుతుందా తల్లీ?"

"నా దగ్గరెప్పుడూ చెప్పలేదు సార్."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. జవాబు చివరికి తన మంచు గిన్నెలోనే దొరికింది. మంచు కరుగుతున్నంతసేపూ ముల్లు సున్నా దాటదు. అంటే ఆకాశంలోనూ, కరెంటుతో వేడిచేసే ఆ గొట్టంలో మంచు దూరి కరుగుతోంది. పెద్ద ఉరుముల మేఘం తన నెత్తిమీదినుంచి పిండిలాంటి మంచు చిమ్ముతుంది. అది రాడార్‌కి ఆనదు, వెచ్చటి అద్దానికి తగిలితే వాన చప్పుడు చేస్తుంది. చల్లటి రెక్కకి అంటదు, జారిపోతుంది. ఇంజను లోపల వెచ్చగా ఉంటుంది కదా, అక్కడ తడిసి అంటుకుంటుంది, పేరుకుంటుంది, గడ్డగా విరిగిపడి లోపల తిరిగే చిన్న రెక్కల అంచులు వంచుతుంది. మంట ఆర్పేస్తుంది.

ఇంజనులోకి కెమెరా దించి చూడమని మూడు కాగితాలు పెట్టింది. దున్నపోతు మీద వాన. చూస్తే కనిపిస్తుంది, కనిపిస్తే అన్ని విమానాలూ ఆపి చూడాలి, అదీ చీఫ్ భయం.

"మూడు కాగితాలు పెట్టాను సార్," అంది ఇప్పుడు.

కిటికీ దగ్గరివాళ్లు ఇటు తిరిగారు. చీఫ్ వంగి గొంతు తగ్గించాడు.

"ఆ కాగితాలు ఇప్పుడెందుకు? నీ తమ్ముడి సంగతి ఆలోచించు. గొట్టం బాగుంటే, బాగున్నవాటిని నాలుగుసార్లు ఎందుకు విప్పావురా అని వాడినే అడుగుతారు. సంతకాలన్నీ వాడివి. నాది ఒక్కటి చూపించు."

నిజమే. చీఫ్ అన్నీ నోటితో చెప్పేవాడు. సంతకం కిందివాడి సొత్తు, జీతం పైవాడి సొత్తు.

తమ్ముడికి వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. పొద్దున ఆమె బయల్దేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"చెడిందని రాస్తావు కదూ అక్కా. నా పిల్లల మొహం చూడు."

ఆమె వాడి భుజం పక్కకి జరిపి వచ్చేసింది.

కార్డు ముందుకు లాక్కుంది. గొట్టం: ఐదోది. విమానం: ఏడో నంబరు. బిగించినవారు: తమ్ముడి పేరు. అక్కడ కలం ఆగింది, మళ్లీ కదిలింది. ఫలితం: బాగుంది. సొరుగులోంచి మూడు కాగితాల నకళ్లు తీసి కార్డుకి పిన్ను గుచ్చింది.

"సొంత తమ్ముణ్ణి నీ చేత్తో నువ్వే ముంచావు," అన్నాడు చీఫ్. అమ్మా అన్న పిలుపు అక్కడితో సరి. కార్డు లాక్కోబోయి, కిటికీ వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పోనీ, ఆ చివరి గడైనా వదిలెయ్."

చివరి గడి, విప్పిన చోటు. ముందటి నాలుగు కార్డుల మీదా అక్కడ రెండో షెడ్డు అని ఉంది. పదహారేళ్లలో ఆమె ఏ గడీ ఖాళీగా వదల్లేదు.

'సముద్రం అడుగున' అని రాసింది.