పిస్తోలు పిడి

నా భార్య దీనమ్మను చంపింది గుడివాడ డాక్టరు. కడుపునొప్పని మెలికలు తిరుగుతుంటే గ్యాసని చెప్పి ఇంటికి పంపేశాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

గిలకలదిండిలో నా బావమరిది ఏలియాకి లేతు షాపు ఉంది. షట్టరు దించమని చెప్పి, నేను ఇంట్లో తయారుచేసిన పిస్తోలు బల్ల మీద పెట్టాను.

"గొట్టం వంకరగా వచ్చింది. స్ప్రింగు పట్టేస్తోంది. సరిచెయ్యి."

"ఈ అతుకేంటి బావా, జల్లెడలా ఉంది! పేలితే ముందు పోయేది నీ చెయ్యే."

"పోనీ. ఆ డాక్టరు కూడా పోతే చాలు."

"పడవ ఇంజన్లు బాగుచేసుకునేవాణ్ణి. నాకెందుకు ఇవన్నీ?"

"అక్క చచ్చిపోయినా నీకు చీమ కుట్టినట్టయినా లేదురా."

ఏలియా పిస్తోలు చేతిలోకి తీసుకున్నాడు. పిడి మీద అతని బొటనవేలు ఆగిపోయింది.

"ఇది అక్క అప్పడాల కర్ర కదూ?"

"గట్టి కర్ర. ఇంట్లో అదే దొరికింది."

"ఓసారి పట్టుకో."

పట్టుకున్నాను. ఆమె చేతికి అరిగిన పల్లంలో నా వేళ్లు ఇమడలేదు. ఇంట్లో ఎంత ఆకురాయి పట్టి అరగదీసినా అంతే.

"కోడిని కొయ్యాలన్నా పక్కింటివాళ్లని పిలిచేది అక్క. ఆవిడ చేత్తో మనిషిని కాలుస్తావా బావా?"

నా వేళ్లు వాటంతటవే వదిలేశాయి.

ఏలియా గొట్టాన్ని ముక్కలుగా కోసేశాడు. పిడి ఊడదీసి నా చొక్కా జేబులో పెట్టాడు.

డాక్టర్ని నేను క్షమించలేదు. వాణ్ణి చంపే మాట మాత్రం ఇక ఎవరి దగ్గరా, ఏలియా దగ్గర కూడా, ఎత్తను.