పెద్దాయన ఒప్పుదల

“తాత మొహం మీద గోనె కప్పుతావురా? చేతులెలా వచ్చాయిరా నీకు?”

లోపలి గదిలోకి వినపడకూడదని దమారిస్ పళ్ల బిగువున అడిగింది. తమ్ముడు పాసాంగ్ తలెత్తలేదు. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ధాన్యపు గాదె కింద కూర్చుని సంచి మూతికి తాడు బిగిస్తున్నాడు. సంచిలో ఉన్నది వాళ్ల తాత కొయ్యబొమ్మ. తాత ఎముకలున్న కొండగూటి ముందు, చెయ్యి చాపి ఊరివైపు చూస్తూ నిలబడే పనసకర్ర బొమ్మ. పొద్దున మంచు విడవకముందే పాసాంగ్ వెదురు నిచ్చెన వేసి దాన్ని దించేశాడు. పందిని కోయకుండా, తాంబూలం పెట్టకుండా ఆ గూటి ఛాయలకి పోవడం మా టొరాజా కొండల్లో ఎవరూ చేయని పని. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీడు దాక్కునే శ్రమ కూడా పెట్టుకోలేదు.

“ఊళ్లో తెలిస్తే చంపేస్తారు.”

“ఎలా తెలుస్తుంది? నేను పంపిన ఫొటో చూసి అచ్చం అలాంటిదే చేయించుకొచ్చాడు, దీన్ని కొనడానికొచ్చిన ఆయన. దీన్ని దించి దాన్నే అక్కడ పెట్టొచ్చా, చెయ్యి చాపి నిలబడుంది. కిందనుంచి చూసేవాళ్లకి ఏ తాతయితే ఏంటి?”

“తాతకి తెలుసు.”

“తాతేం మాట్లాడతాడక్కా!”

దమారిస్‌కి ఒళ్లు మండిపోయింది. “మాట్లాడలేనివాళ్ల సొమ్మేగా అందరూ దోచేది. నువ్వూ చేరావు.”

“మరి నాన్న సంగతి?” పాసాంగ్ ఇప్పుడు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “నోరు కట్టుకుని దాచినా ఒక్క దున్నకి రాలేదు. దున్నలు తెగితేగానీ నాన్నకి ఆ మంచం నుంచి విముక్తి లేదని నీకు తెలీదా?”

తెలీకపోవడమేమిటి? పొద్దున్నే కాఫీ, మధ్యాహ్నం అన్నం తీసుకెళ్లి తండ్రి పక్కన పెట్టేది ఆమే. మొహం తుడిచేది, బట్టలు మార్చేది, ఆయనకి చెప్పకుండా గడప దాటనిది ఆమే. జబ్బు మనిషిని ఒంటరిగా వదలకూడదని ఇరుగుపొరుగు పెళ్లిళ్లకి పోవడం కూడా మానేసింది. 

వసారాలో లవంగం సిగరెట్టు కాలుస్తున్న హర్యోనో లేచి వచ్చాడు. సముద్రానికి అవతల సురబాయా పట్నంలో పాత వస్తువుల వ్యాపారి. ఈ కొండలెక్కడం ఇదే మొదటిసారి. మెత్తని మనిషి. తన వల్ల ఎవరి కొంపయినా కూలుతుందని ఏనాడూ అనుకోడు.

“అక్కాతమ్ముళ్ల మధ్య గొడవపెట్టి తీసుకెళ్లిన వస్తువు నాకు అచ్చిరాదమ్మా. ఇంటి పెద్ద ఎవరు?”

“నాన్న,” అన్నాడు పాసాంగ్. “జబ్బు. నాలుగేళ్లుగా మంచంలోనే.”

“డాక్టరుకి చూపించలేదా?”

“మొదట్లోనే వచ్చి సూదిమందు ఇచ్చాడు. మళ్లీ రానక్కర్లేదన్నాడు.”

“అయ్యో! మరి దున్నలెందుకు, మొక్కుబడా?”

“మా ఆచారం సారూ.”

దమారిస్ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. “లోపలికి పోరా. నాన్న ముందు నిలబడి, నీ తండ్రి బొమ్మ అమ్ముతున్నా నాన్నా, అను. ఆయన సరేనంటే సంచి నేనే మోసి జీపులో పెడతా.”

పాసాంగ్ విసురుగా లేచాడు. గడప దాకా వెళ్లాడు. దుప్పటి కింద తండ్రి పాదాలు కనపడేసరికి ఆగిపోయాడు. వెనక్కి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. దమారిస్‌కి ప్రాణం లేచొచ్చింది. తాత మళ్లీ గూటికి చేరినట్టేనని అనుకుంది.

“నేనడుగుతానుండు,” అన్నాడు హర్యోనో.

“సారూ, ఆగండి…”

పాసాంగ్ ఆమె భుజం నొక్కిపట్టాడు. “అడగమంది నువ్వేగా.” ఒక్క మాటతో వాడు ఆయన్ని ఆపగలిగేవాడు. ఆ మాట అనలేదు.

గది కిటికీలు మూసి ఉన్నాయి. మందుల వాసన గుప్పుమంది. మంచంలో పెద్దాయన. తల మీద టోపీ, కళ్లద్దాలు, గడ్డం దాకా దుప్పటి. అంటుజబ్బేమోనని భయపడి హర్యోనో ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే ఆగిపోయాడు.

“దణ్ణం పెద్దాయనా! మీ నాన్నగారి బొమ్మ నాతో తీసుకెళ్తున్నా. అద్దాల పెట్టెలో పెడతారు, ఎండా వానా తగలవు. మీ మొక్కుకి చాలినంత మీ అబ్బాయి చేతికిస్తా. మీకిష్టం లేకపోతే ఇప్పుడే వద్దనండి, వదిలేసి పోతా.”

కప్పు మీద వాన మొదలైంది. హర్యోనో మర్యాదగా చాలాసేపు ఎదురుచూశాడు. తర్వాత తేలికపడ్డ మొహంతో బయటికొచ్చాడు.

“పెద్దమనిషి. వద్దనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారుగా.”

దమారిస్ నోరు తెరిచింది.  చెప్తే దున్నలు రావు, చెప్పకపోతే తాత పోతాడు. ఆమె ఎటూ తేల్చుకోకముందే పాసాంగ్ సంచి భుజానికెత్తుకున్నాడు. చాపిన చెయ్యి గోనెని చీల్చుకుని బయటికి వచ్చింది. దాన్ని లోపలికి తోసి జీపు తలుపు వేశాడు.

“ముందు ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లమ్మా, ఆలస్యం చేయకు,” అని చెప్పి హర్యోనో వానలోనే బయల్దేరాడు.

దమారిస్ లోపలికెళ్లి తండ్రి పక్కన కూర్చుంది. ఆమెకి ఏడుపొచ్చింది, సిగ్గేసింది, ఎక్కడో లోపల హాయిగా కూడా అనిపించింది. ఆ హాయికే ఎక్కువ ఏడిచింది.

“నీకు దారి దొరికింది నాన్నా. అక్కడ తాత ఎదురైతే ఏం చెప్తావు?”

అంత్యక్రియల కోసం ఆ శవం నాలుగేళ్లుగా ఎదురుచూస్తోంది. దున్నలు తెగేదాకా మా కొండల్లో పోయినవాళ్లు కూడా జబ్బుమనుషులే.